మా పాత మండువా ఇల్లు అమ్మకానికి పెట్టారు, వెళ్లి చూసొచ్చాను

పడమటిల్లు | 2025 జనవరి 17, రాత్రి 10:40

నెల కిందట మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక యూట్యూబ్ వీడియో పంపాడు. ‘కోనసీమలో 170 ఏళ్ల నాటి మండువా లోగిలి అమ్మకానికి, త్వరపడండి’ అని. కింద వాడు రాసింది ఒక్క ముక్క: ‘అక్కా, మన నుయ్యి చూడు.’ నాలుగో నిమిషంలో కనిపించింది. గట్టు మీద సబ్బు పెట్టుకోడానికి తాతయ్య తొలిపించిన గుంట కూడా అలాగే ఉంది.

1998లో నాన్న ఆ ఇల్లు అమ్మేశారు. 96 నవంబరు 6 తుపానుకి తోట మొత్తం పడుకుంది. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది, మేం కొన్న మతాబులు అటక మీదే తడిసి ముద్దయ్యాయి. కొబ్బరి మళ్లీ వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. అన్నాళ్లు ఏం తింటాం? బియ్యం వ్యాపారం చేసే ఒకాయన కొన్నారు. ఆయన పోయారు, ఇప్పుడు పిల్లలు అమ్ముతున్నారు.

ఈ సంక్రాంతికి అమలాపురం వైపు వెళ్లాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు బయల్దేరి, కొనేవాళ్లలాగే వెళ్లాం. ఎవరి పిల్లలమో చెప్పలేదు. చెబితే ‘అయ్యో, రండి’ అంటారు, కాఫీ ఇస్తారు, ఇక స్వేచ్ఛగా చూడనివ్వరు అనిపించింది. మధ్యవర్తి కుర్రాడికి పాతికేళ్లుంటాయి. పురుటి గది చూపించి ‘ఇది ఖజానా మేడం, అందుకే కిటికీ లేదు’ అన్నాడు. మా అమ్మ మమ్మల్ని కని పదకొండేసి రోజులు పడుకున్న గది అది. చలిగాలి తగలకూడదని కిటికీ పెట్టలేదు, అంతే.

తర్వాత మండువా దగ్గర, అంటే ఇంటి నడుమ పైకప్పు లేని చోట నిలబడి, ‘ఈ ఇంట్లోకి వరద నీళ్లు ఎప్పుడూ రాలేదు మేడం, గ్యారంటీ’ అన్నాడు. నేను అప్పటికే ఈశాన్యం స్తంభం మీద చెయ్యి వేసి ఉన్నాను. 86 ఆగస్టు వరదకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో నాన్న ఆ స్తంభం మీద తారుతో గీత గీశారు. ఇప్పుడు దాని మీద చాక్లెట్ రంగు పెయింటు రెండు మూడు పూతలు వేశారు. కంటికి ఏమీ కనిపించదు. బొటనవేలితో రాస్తే మాత్రం సన్నటి గట్టులా తగులుతుంది. ఆ కుర్రాడు గ్యారంటీ ఇస్తుంటే నా వేలు దాని మీదే ఉంది. ఏమీ అనలేదు.

అసలు అడగాల్సింది ఇది. వీధి గుమ్మం పైచెక్క మీద ‘సాధారణ నామ సం. మాఘ శుద్ధ’ అని చెక్కి ఉంది. తర్వాతి అక్షరాలు పెయింటులో పూడిపోయాయి. వాళ్లు దాన్ని పట్టుకుని 1851 అంటున్నారు. నిజమేనా? మా ఇంట్లో తాతయ్య నాన్నగారు కట్టించారనే తెలుసు, సంవత్సరం ఎవరూ చెప్పలేదు.

పంచాంగం_పిచ్చి | జనవరి 17, రాత్రి 11:25

సాధారణ అంటే ప్రభవ నుంచి 44వది. అరవై ఏళ్లకోసారి వస్తుంది. మాఘమాసం ఇంగ్లిషు ఏడాది మారాక పడుతుంది కాబట్టి 1851, 1911, 1971 మూడింట్లో ఏదో ఒకటి. శక సంవత్సరం కూడా చెక్కి ఉంటే గొడవే లేదు. వడ్రంగులు జాగా సరిపోక చాలాచోట్ల వదిలేశారు. పాత ఇళ్లు అమ్మేవాళ్లకి ఇదే పండగ, అరవై ఏళ్లు వెనక్కి జరిపితే రేటు ముందుకి జరుగుతుంది.

1971 కాదని మీకే తెలుసు. మిగిలింది రెండు.

డాలస్_దొడ్డిగుమ్మం | జనవరి 18, ఉదయం 6:10

పడమటిల్లు గారూ, తారు గీత దగ్గర చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. మాది రామచంద్రపురం వైపు. మా ఇల్లు కూడా 2009లో పోయింది, నేను ఇక్కడి నుంచి ఫోన్‌లో ‘సరే’ అన్నాను, అంతే. ఫొటోలు ఉంటే పెట్టండి. ఎంత చెబుతున్నారు?

వీడియోలో గాంధీగారు బస చేశారని కూడా అన్నారా? మా వైపు పాత ఇల్లు అమ్మితే అది ఉండాల్సిందే.

పడమటిల్లు | జనవరి 18, ఉదయం 9:02

అన్నారు! రెండో నిమిషంలో! మా నాయనమ్మ చెప్పేది వేరు. ఖద్దరు యాత్రప్పుడు ఆయన కారు కాలవగట్టు మీంచి వెళ్తే, ఆవిడ కొత్త కోడలిగా అరుగు మీద నుంచి దుమ్ము చూసిందట. ‘దుమ్మే కనపడిందే, మనిషి కనపడలా’ అనేది. దుమ్ము కాస్తా ఇప్పుడు బస అయింది.

రేటు ఇక్కడ రాయను. లెక్క మాత్రం చెబుతాను, నాకు నిద్ర పట్టనిది అదే. 32 సెంట్లు స్థలానికి సెంటు ఇంత అన్నారు. ఇంటికి విడిగా, కలప ఎన్ని సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుందో కట్టి దానికి ఇంత అన్నారు. గోడలకి, పెంకుకి, నూతికి సున్నా. ‘కూల్చే ఖర్చు మీరే పెట్టుకోవాలి’ అని చెప్పి దాన్ని రేటులోంచి తీసేశారు కూడా. అంటే అమ్మేవాళ్ల లెక్కలోనే ఆ ఇల్లు ఇప్పటికే కూలిపోయి ఉంది.

తాపీమేస్త్రి_కొడుకు | జనవరి 18, మధ్యాహ్నం 1:15

మాది తణుకు. నాన్న ఇలాంటి ఇళ్లకి పెంకు నేసేవారు, నేను సివిల్ చదివి అపార్ట్‌మెంట్లు కడుతున్నాను. 1851 మీద నాకు నమ్మకం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు, రెండో పంట, ఆ డబ్బు అన్నీ ఆ తర్వాతే. మన వైపు పెద్ద మండువా ఇళ్లు ఎక్కువగా ఆ వడ్ల డబ్బుతో లేచినవే.

ఇంటి మీద ఉన్నది గూన పెంకా (వంపు తిరిగిన నాటు పెంకు), మంగుళూరు పెంకా (కర్మాగారంలో చేసిన బల్లపరుపు పెంకు)? పగిలిన ముక్క ఏదైనా దొరికితే వెనక్కి తిప్పి చూడండి, ముద్ర ఉంటుంది.

పంచాంగం_పిచ్చి | జనవరి 18, మధ్యాహ్నం 2:40

ఆనకట్ట వాదన సగమే నిలుస్తుంది మేస్త్రిగారూ. అంతకుముందు కూడా జమీందార్లకి, వాళ్ల దివాన్లకి డబ్బుండేది. పెంకు ముద్ర అన్నారు చూశారా, అది సాక్ష్యం.

ఓరుగల్లు_పోరడు | జనవరి 18, రాత్రి 8:30

అక్కా, మా దగ్గర ఇసొంటి ఇంటిని భవంతి అంటం. నడుమ గచ్చు, చుట్టూ దూలాలు, దంతెలు, గోడలకు డంగు సున్నం. మా తాత ఇల్లు 2014ల కూలగొట్టినం. మేమే, ఎవ్వరిని అననీకి లేదు. తలుపులు, కంబాలు ఒక పాత సామాన్ల వ్యాపారికి అమ్మితే, ‘దీన్లకేం వస్తయి’ అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చినయి, సంబరపడ్డం.

మూడేండ్లయినంక హైదరాబాద్ బయట ఓ రిసార్టుల పెండ్లికి పోయిన. లోపల బల్ల మీద అద్దం పెట్టి ఉన్నది, అద్దం కింద మా సదరు తలుపు. ఎట్ల గుర్తువట్టిన్నంటే, తాళం చెవి పోతే మా బాపు గొళ్లెం పక్కన గొడ్డలితోటి కొట్టిన గంటు ఉండె. ఆ గంటుల ఎవరో టిష్యూ కాగితం కుక్కిన్రు. నేను దాన్ని తీసి జేబుల పెట్టుకొని వచ్చిన. ఎందుకో తెల్వదు.

కడప_రాయి | జనవరి 18, రాత్రి 9:50

మా తట్టు మండువా ఉండదు. చౌడు మిద్దెలు. దూలాలు, వాటి మీద కట్టెలు, బోద గడ్డి, ఆ పైన చౌడు మన్ను. వెలుతురుకు గవాచి. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి గవాచి మీద బండ మూయాల, ఆ పని నాది. మా మిద్దెలో కొలిచి అమ్ముకునే టేకు లేదు కాబట్టి ఎవరూ కొనరు, ఎవరూ కూల్చరు. వానకు అదే కరిగిపోతా ఉంది. ఏది మేలో మీరే చెప్పండి.

పడమటిల్లు | జనవరి 26, సాయంత్రం 5:20

మళ్లీ వెళ్లాను. ఈసారి ఒక్కదాన్నే. మధ్యవర్తి కుర్రాడు మంచివాడే, తాళంచెవి ఇచ్చి ‘మీరు చూసుకుంటూ ఉండండి’ అని టీకి వెళ్లాడు.

పైన మంగుళూరు పెంకే. సగం కోతులు తినేశాయి. తినడం అంటే, ఒక పెంకు లాగి కింద పడేసి, ఆ కన్నంలోంచి అటకలోకి దూరి, విసుగు పుట్టి ఇంకోటి లాగుతాయట. దొడ్లో కుప్పగా పడి ఉన్న ముక్కల్లో ఒకటి నీళ్లు పోసి కడిగాను. ఇంగ్లిషులో ‘బేసెల్ మిషన్ టైల్ వర్క్స్’ అని, కింద 1865 అని స్పష్టంగా ఉంది. అంటే 1865లో కట్టినట్టా? అప్పుడు సాధారణ ఎలా కుదురుతుంది?

తాపీమేస్త్రి_కొడుకు | జనవరి 26, సాయంత్రం 6:05

బంగారంలాంటి ముక్క పట్టారు. 1865 పెంకు చేసిన ఏడు కాదు, మంగుళూరులో ఆ కర్మాగారం పెట్టిన ఏడు. బిస్కెట్ పొట్లం మీద కంపెనీ పెట్టిన సంవత్సరం వేసినట్టు. చాలామంది ఇక్కడే పడతారు.

అసలు మజా రెండో కొసలో ఉంది. అది జర్మన్లు, స్విస్ వాళ్లు కలిసి నడిపిన క్రైస్తవ మిషన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లిషువాళ్లు ఆ కర్మాగారాలు లాక్కున్నారు. 1919 నుంచి అవి కామన్వెల్త్ ట్రస్ట్ చేతిలో. కాబట్టి బేసెల్ మిషన్ ముద్ర ఉన్న పెంకు 1865కీ ఆ యుద్ధానికీ మధ్యలో కాల్చినదై ఉండాలి. ఆ మధ్యలో సాధారణ ఒక్కసారే వచ్చింది.

పంచాంగం_పిచ్చి | జనవరి 26, సాయంత్రం 6:12

1911 ఫిబ్రవరి! ఉదయం నుంచి ఇంత సంతోషం పడలేదు.

పట్టుబట్టి ఒక మెలిక పెడతాను. ఇల్లు 1851లో కట్టి, గడ్డి కప్పో గూన పెంకో ఉంటే తర్వాత మార్చి ఉండకూడదా?

తాపీమేస్త్రి_కొడుకు | జనవరి 26, సాయంత్రం 6:50

ఉండొచ్చు. గూన పెంకుకి వాసాలు దగ్గర దగ్గరగా, వాలు వేరేగా ఉంటుంది, బరువూ ఎక్కువ. మార్చిన ఇంట్లో వాసాల మీద పాత మేకుల కన్నాలు, చెక్క అతుకులు కనిపిస్తాయి. చూడకుండా చెప్పను. ఎవరైనా తీసుకెళ్తే వస్తాను, పెట్రోలు నాదే.

పడమటిల్లు | జనవరి 26, రాత్రి 9:15

1911 అయితే ముత్తాతకి ముప్పై లోపు. మా ఇంట్లో ఆయన గురించి ఒకే కథ ఉంది, రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లి వచ్చాడని. అక్కడేం చేశాడో ఎవరూ చెప్పరు, అడిగితే మాట మార్చేవారు. స్తంభాలు రంగం టేకు అని మాత్రం గొప్పగా చెప్పేవారు. 170 ఏళ్ల రాజుల కథకంటే ఈ రంగం మనిషే నాకు దగ్గరివాడు అనిపిస్తోంది.

డాలస్_దొడ్డిగుమ్మం | జనవరి 27, ఉదయం 5:55

అయితే కొనేద్దాం. సరదాకి కాదు. ఆరుగురం కలిస్తే తలా ఇంత వేసుకుని పండగలకి వచ్చి ఉండొచ్చు, మిగతా రోజులు హోమ్‌స్టేకి ఇవ్వొచ్చు. దిండి వైపు వాళ్లు ఇస్తున్నారు కదా.

దస్తావేజు | జనవరి 27, ఉదయం 10:30

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. నేను దస్తావేజులు రాసేవాణ్ని.

ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం, తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది, మీ నాన్నగారు అమ్మిన 1998 దస్తావేజు అందులో కనిపించాలి. రెండోది, అమ్మేది ‘పిల్లలు’ అన్నారు. అందులో ఆడపిల్లలు ఉన్నారా? తండ్రి సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేకుండా పోతే 1956 చట్టం ప్రకారమే కూతుళ్లకి, భార్యకి కొడుకులతో సమానంగా వాటా. కొడుకుల సంతకాలతో కొనేసి తర్వాత చెల్లెలు కోర్టుకెళ్తే మీరు మండువాలో కూర్చుని వాయిదాలు లెక్కపెట్టుకోవాలి. మూడోది, గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లకి వదిలిన ఉమ్మడి స్థలం) అయితే అది నిషేధిత జాబితాలో ఏమైనా ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి.

ఆరుగురు కలిసి కొనడం గురించి: కొనే రోజు ఆరుగురు స్నేహితులు, అమ్మే రోజు ఆరుగురు పార్టీలు. అనుభవం.

కడప_రాయి | జనవరి 27, మధ్యాహ్నం 12:05

దస్తావేజు అన్న చెప్పింది రాసి పెట్టుకోండి. మా మిద్దె మీద పదకొండు మంది సంతకాలు కావాల, అందులో ఇద్దరు మాట్లాడుకోరు.

ఓరుగల్లు_పోరడు | జనవరి 27, రాత్రి 7:40

డాలస్ అన్నా, తప్పుగ అనుకోకు. హోమ్‌స్టే అంటే లెట్రిన్లు కట్టాలె, ఏసీలు పెట్టాలె, మండువా మీద రేకు ఎయ్యాలె. గప్పుడది మా తలుపు లెక్కనే అయితది.

డాలస్_దొడ్డిగుమ్మం | జనవరి 28, ఉదయం 6:20

తప్పేం లేదు తమ్ముడూ. కానీ రేకు వేసినా నిలబడి ఉన్న ఇల్లు, కలపకి కోసిన ఇల్లు ఒకటి కావు. ఎవరో ఒకరు అందులో అన్నం తింటారు కదా.

తాపీమేస్త్రి_కొడుకు | ఫిబ్రవరి 9, రాత్రి 10:10

ఈ ఆదివారం వెళ్లాం. నేను, పడమటిల్లు గారు, కాకినాడ నుంచి పంచాంగం గారు. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి చీకటిపడే దాకా టేపుతో కొలిచాం. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

వాసాల మీద పాత మేకుల కన్నాలు లేవు. కప్పు మొదటి నుంచీ మంగుళూరు పెంకుకే కట్టారు. కాబట్టి 1911 ఖాయం అనుకుంటున్నాను.

స్తంభాలు పద్నాలుగు, పన్నెండు గట్టివి. రెండు అడుగున గుల్ల, గోరు దిగుతోంది. చెదలు కాదు, చెమ్మ. ఎలా వచ్చిందో చెబితే బాధేస్తుంది. గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మ పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, అందుకే మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే నేల మీద కూడా వందేళ్లు నిలిచాయి. వీళ్లు 2005 ప్రాంతంలో ‘బలంగా ఉంటుంది’ అని లోపలా బయటా సిమెంటు పూశారు. చెమ్మ బయటికి వెళ్లే దారి మూసుకుపోయింది. పైకి పాకి దూలాల కొసల్లోకి, స్తంభాల మొదళ్లలోకి చేరింది. మండువా చుట్టూ టైల్స్ కూడా పరిచారు, కింది నుంచి ఆవిరి పోయే దారి అక్కడా పోయింది. ఇంటి మీద ప్రేమతోనే చేశారు ఇదంతా. డబ్బు బాగానే పెట్టారు.

బాగుచేయొచ్చా? చేయొచ్చు. సిమెంటు అంతా గీకి మళ్లీ సున్నం పూయాలి, రెండు స్తంభాలకి మొదలు మార్చాలి, పెంకు మొత్తం దింపి ఎక్కించాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు మా నాన్న వయసువాళ్లు. పైగా స్థలం కొన్నంత అవుతుంది.

పంచాంగం_పిచ్చి | ఫిబ్రవరి 9, రాత్రి 10:45

నేను నిచ్చెనెక్కి పైచెక్క మీది పెయింటు తడిగుడ్డతో, వెదురు పుల్లతో కొంచెం కొంచెం తీశాను, కుర్రాడు ఒప్పుకున్నాడు. ‘మాఘ శుద్ధ దశమి’ వరకు వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండు అక్షరాలు, వడ్రంగి పేరేమో, ‘రా’ మాత్రం చదవగలిగాను. యజమాని పేరు ఎక్కడా లేదు. నాకు అది నచ్చింది.

పడమటిల్లు | మార్చి 11, రాత్రి 9:30

అమ్ముడుపోయింది. కొన్నది కలప వ్యాపారి, స్థలం విడిగా ఇంకొకరికి. ఉగాది పోయాక విప్పుతారట. ‘కూల్చడం’ అనలేదు, ‘విప్పడం’ అన్నారు, స్తంభాలు దెబ్బతినకూడదు కాబట్టి.

మేం కొనలేకపోయాం. తమ్ముడూ నేనూ రెండు రాత్రులు లెక్కలు వేశాం, డాలస్ గారి వాటాతో కలిపి కూడా. కుదరలేదు. అమ్మేవాళ్లలో ఇద్దరు ఆడపడుచులు నిజంగానే ఉన్నారు, దస్తావేజు గారూ. సంతకాలు పెట్టారట.

ఆ వ్యాపారిని గుమ్మం పైచెక్క అడిగాను. ద్వారబంధంతో కలిపే వెళ్తుంది, విడగొడితే రేటు పోతుంది అన్నాడు. నిజమే అనుకోండి. అప్పుడు చెప్పాను, నేను ఫలానా వాళ్ల అమ్మాయినని. కాసేపు చూసి, ‘అయితే ఆ పెంకులు పట్టుకెళ్లమ్మా, ఎన్ని కావాలంటే అన్ని’ అన్నాడు. నాలుగు తెచ్చుకున్నాను. ఒకటి ఓరుగల్లు తమ్ముడికి, ఒకటి డాలస్ గారు వచ్చినప్పుడు.

మేస్త్రిగారూ, ఆ రోజు కొలతల కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి కదా. స్తంభం మీద తారు గీత ఎంత ఎత్తులో ఉంది?

తాపీమేస్త్రి_కొడుకు | మార్చి 11, రాత్రి 9:52

రెండడుగుల ఏడంగుళాలు. మీరు వేలు పెట్టి చూపించిన చోటికే కొలిచాను, పెయింటు గీకలేదు.

పడమటిల్లు | మార్చి 11, రాత్రి 9:58

అంతేనా? నాకప్పుడు ఎనిమిదేళ్లు. గొంతు దాకా వచ్చినట్టే గుర్తు. నాన్న భుజాల మీద ఎక్కించుకుని అటక మీదికి చేర్చారు.

తాపీమేస్త్రి_కొడుకు | మార్చి 11, రాత్రి 10:03

టైల్స్ కింద పాత గచ్చు రెండున్నర అంగుళాల లోతులో ఉంది. అదీ కలుపుకోండి.

పడమటిల్లు | మార్చి 11, రాత్రి 10:05

కలుపుకున్నా గొంతు దాకా రాదండీ.